పండితుల గ్రంథములు పల్లెకు చేరు త్రోవ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండుట గ్రామమునకంతకు పండుగ. పండుగనాడు ఇంటి యజమాని ధాన్యపు గాదెను ఒకమారు చూచుకొన్నట్లు, రజతోత్సవ సమయమున గ్రామస్థులు తమ గ్రంథాలయపు బీరువాలను తెరచి చూచుకొనుట మంచిది. ఏ పల్లె గ్రంథాలయమున బీరువా తెరచినను నవలలు కనబడును, పురాణములు కనబడును, ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకుల పుస్తకములు కనబడును. వార్తాపత్రికలకు కొదువ యుండదు. కాని గోదావరి సీమయొక్క చరిత్రను, భాషను, శాసనములను, వ్యవసాయమును పరిశోధించి పండితులు వ్రాసిన గ్రంథములు ఎన్ని కలవని లెక్కించినచో, ఆ లెక్క చేతి వ్రేళ్ళమీదనే ముగియును.

అట్టి గ్రంథములు పుట్టలేదా? పుట్టినవి. వానిలో పెక్కింటిని వ్రాసినవారు ఈ గడ్డమీద పుట్టినవారే. ఆంధ్రుల చరిత్రమును రచించిన చిలుకూరి వీరభద్రరావుగారు రేలంగిలో జన్మించిరి. ఆ గ్రంథపు ప్రథమభాగమును విజ్ఞానచంద్రికా మండలివారు 1910లో ప్రకటించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మినుమించిలిపాడులో జన్మించిరి. వారు ఇంగ్లీషున రచించిన రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రకటించెను. కొండవీటి రెడ్లతోపాటు రాజమహేంద్రవరము నేలిన రెడ్ల వృత్తాంతమును అందు కలదు. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడి, పిమ్మట ఒక పత్రికను నడపి, శాసనములను గూర్చియు చరిత్రను గూర్చియు విలువగల వ్యాసములను వెలువరించెను. పిఠాపురము మహారాజావారి పోషణమున, ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారి పూనికతో శ్రీసూర్యరాయాంధ్ర నిఘంటువు సాగినది. దాని ప్రథమ సంపుటము 1936లో వెలువడినది.

గోదావరివారు వ్రాసిన గ్రంథములు, గోదావరిని గూర్చిన గ్రంథములు, గోదావరి పల్లెలలోనే కానరాకుండుటకు హేతువేమి? ఆ హేతువును తెలిసికొని, దానిని తొలగించు మార్గమును విచారించుటయే ఈ ఉపన్యాసమునకు విషయము.

పూర్వము ఒక మార్గము మాత్రమే యుండెను. వసురాయకవిగా ప్రసిద్ధులైన వడ్డాది సుబ్బారాయుడుగారు 1898లో రాజమహేంద్రవరమున స్థాపించిన గ్రంథాలయము, మరియొక గ్రంథాలయముతో కలసి గౌతమీ గ్రంథాలయమై, తెలుగునాట పరిశోధకులకు పెన్నిధియైనది. పల్లెటూరి విద్యార్థికి అరుదైన గ్రంథము కావలసినచో పడవ దాటియో, బస్సు ఎక్కియో అచ్చటికి పోవలసినదే. పోగలిగినవాడు చదువుకొనెను, పోలేనివాడు మానుకొనెను. ఒక్క ప్రతి ఒక్క బీరువాలో నున్నప్పుడు ఇంతకంటె వేరు గతి లేదు.

పండిత గ్రంథము అరుదగుటకు రెండు హేతువులు కలవు. మొదటిది ధనము. నవలకు వేలకొలది పాఠకులు కలరు. శాసనములను గూర్చిన గ్రంథమునకు వందల మంది పాఠకులు లభించుటయే గొప్ప. అందుచేత ప్రకటనకర్త కొన్ని వందల ప్రతులు మాత్రము అచ్చొత్తించును. అవి చెల్లినపిమ్మట పునర్ముద్రణమునకు ఎవరును సాహసింపరు. రెండవది అనుమతి. పాత తెలుగు గ్రంథము దేనినైనను తెరచి, ముఖపత్రమునకు వెనుక చూచినచో, వెలతోపాటు "సర్వస్వామ్యసంకలితము" అను మాట తరచుగా కనబడును. హక్కులన్నియు కర్తవియో, ప్రకటనకర్తవియో అని దాని భావము. వారి అనుమతి లేనిదే ఇతరులు ఆ గ్రంథమును అచ్చొత్తరాదు; అనువదింపరాదు; పంచిపెట్టరాదు.

ఈ రెండు హేతువులలో మొదటిది నేడు చాలవరకు తీరినది. పుటలను ఫొటోలు తీసి కంప్యూటరులో భద్రపరచినచో, ఒక ప్రతియైనను లక్ష ప్రతులైనను వ్యయమున పెద్ద భేదము లేదు. వరిచేని గట్టుమీద కూర్చుండిన యువకుడు సెల్ ఫోనులో వేయి పుటల నిఘంటువును చూడగలడు. సూర్యరాయాంధ్ర నిఘంటువునే నేడు "ఆంధ్రభారతి" అను అంతర్జాల స్థలమున ఎవరైనను పైకము చెల్లింపకుండ వెదకి చూచుకొనుచున్నారు. ధనపు చిక్కు ఇట్లు తొలగగా, అనుమతి చిక్కు మాత్రము నిలిచియున్నది. తలుపు తెరచుకొన్నను గడియ వేసియున్న చందమున పండిత గ్రంథముల స్థితి యున్నది.

ఇచ్చట చట్టమును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. భారతదేశమున గ్రంథస్వామ్యపు చట్టము 1957లో చేయబడినది. దాని ననుసరించి గ్రంథకర్త జీవితకాలమంతయు, ఆయన గతించిన పిమ్మట 50 సంవత్సరములును హక్కు నిలుచును. రవీంద్రనాథ ఠాకూరుగారు 1941లో గతించిరి. వారి గ్రంథములపై హక్కు 1991తో ముగియనుండగా, ఆ 50 ఏండ్లను 60 ఏండ్లుగా పొడిగించిరి. 1992లో చట్టసవరణము జరిగెను. మరణించిన సంవత్సరమునకు తరువాతి జనవరి 1 మొదలు ఈ 60 ఏండ్లను లెక్కింపవలెను.

ఈ లెక్కను గోదావరి పండితులకు వర్తింపజేసి చూడుడు. చిలుకూరి వీరభద్రరావుగారు 1939లో గతించిరి. 50 ఏండ్ల నియమము అమలులో నుండగనే వారి గ్రంథములు లోకమునకు స్వేచ్ఛగా లభించినవి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1963లో గతించిరి. వారి గ్రంథములకు ఆ స్వేచ్ఛ 2024 జనవరి 1న గాని కలుగలేదు. 1948లో వెలువడిన గ్రంథమును ఎవరి అనుమతియు కోరక అచ్చొత్తుకొనుటకు 75 ఏండ్లకు పైగా వేచియుండవలసి వచ్చెనన్నమాట. నేడు 30 ఏండ్ల వయస్సున నున్న పరిశోధకుడు ఒక గ్రంథమును వ్రాసి, 80 ఏండ్లు జీవించినాడనుకొనుడు. ఆ గ్రంథము 110 ఏండ్లవరకు హక్కుల కట్టుబాటులోనే యుండును.

కర్తకును ఆయన కుటుంబమునకును జీవనాధారము కల్పించుటకై ఈ హక్కు ఏర్పడినది. అది న్యాయమే. కలముచే జీవించు నవలాకారునకు, కవికి, నాటకకర్తకు ఈ హక్కు రక్షణ కవచము. దానిని ఎవరును తొలగింపరాదు. కాని పండిత గ్రంథముల సంగతి వేరు. శాసనములను చదివి చరిత్ర వ్రాసినవాడు ఆ గ్రంథపు అమ్మకముపై సంసారము నడపలేదు. ఆయనకు జీతమిచ్చినది కళాశాల. అచ్చు వ్యయము భరించినది విశ్వవిద్యాలయమో, సంస్థానమో, చందాదారులో. గ్రంథమువలన ఆయన కోరిన ఫలము పదిమంది చదువుటయే. అట్టి గ్రంథమునకు నూరేండ్ల గడియ వేయుటవలన కర్తకు దమ్మిడీ లాభము లేదు. లోకమునకు మాత్రము గొప్ప నష్టము. ఆ నూరేండ్లలో వారసులు హైదరాబాదునకో, అమెరికాకో తరలిపోదురు. అనుమతి ఇమ్మని ఎవరి నడుగవలెనో తెలియదు. అడుగబడినవారికి తమకట్టి హక్కు కలదనియే తెలియకపోవచ్చును. ఈలోపల కాగితము పెళుసై విరుగును, చెదలు పట్టును. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును చూచిన ఈ డెల్టాలో, ఒక్క బీరువాలోని ఒక్క ప్రతిని నమ్ముకొనుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

కంప్యూటరు ఒక్కటియే ఈ కష్టమును తీర్చునని కొందరు తలంచిరి. 2000 తరువాత ఆంధ్రుడైన రాజ్ రెడ్డిగారు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు మొదలగువారి కృషివలన భారత డిజిటల్ గ్రంథాలయము వెలసినది. తెలుగు గ్రంథములతో సహా లక్షలకొలది గ్రంథములకు ప్రతిబింబములు తీయబడినవి. అది మహోపకారము. కాని అందు స్వామ్యము ముగియని గ్రంథములును చేరుటచే చిక్కులు పుట్టినవి. 2017 నాటికి ఆ స్థలము పాఠకులకు అందకుండ పోయినది. వానిలో చాల గ్రంథముల ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థవారి స్థలమున నిలిచియుండుటచే పాఠకులకు నేటికిని లభించుచున్నవి. యంత్రము ప్రతిని తీయగలదు గాని అనుమతిని ఈయలేదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఆ అనుమతిని గ్రంథకర్తయే, తాను బ్రదికియుండగనే, గ్రంథముమీదనే అచ్చొత్తించి ఇచ్చినచో ఎట్లుండును? ఈ ఆలోచననుండి పుట్టినదే "ఓపెన్ యాక్సెస్" అను పద్ధతి. నిరాటంక పఠనమని దీనిని తెలుగున చెప్పవచ్చును. 2002లో యూరపునందలి బుడాపెస్టు నగరమునుండి వెలువడిన ప్రకటన, పండితుల రచనలు వెల లేకుండ, అడ్డు లేకుండ అందరికి లభింపవలెనని ఉద్ఘోషించెను. ఆ సంవత్సరపు డిసెంబరులోనే "క్రియేటివ్ కామన్స్" అను అమెరికా సంస్థ సిద్ధముగ వ్రాసియుంచిన అనుమతి పత్రములను లోకమునకు అందించెను. కామన్స్ అనగా ఊరుమ్మడి. ఊరి చెరువువలె, మందబయలువలె అందరికి చెందినది.

ఈ అనుమతి పత్రమున నాలుగు షరతులు చెప్పబడును. కర్త పేరు తప్పక చెప్పవలెననుట మొదటిది. ఇది పత్రములన్నింటియందును కలదు. గ్రంథమును మార్చి ప్రకటించినవారు దానిని అదే షరతుపై ఇతరులకు ఈయవలెననుట రెండవది. వ్యాపారమునకు ఉపయోగింపరాదనుట మూడవది. మార్పులు చేసి ప్రకటింపరాదనుట నాలుగవది. చివరి మూడింటిలో తనకు నచ్చినవానిని కర్త చేర్చుకొనవచ్చును. ఒకమారు ఇచ్చిన అనుమతిని తిరిగి తీసికొనుటకు వీలులేదు గనుక, ఆలోచించియే ఈయవలెను.

తెలుగు పల్లెలకు ఈ నాలుగవ షరతు మిక్కిలి ముఖ్యము. సోమశేఖరశర్మగారి గ్రంథమువంటివి పెక్కు ఇంగ్లీషున నున్నవి. వానిని తెలుగున చదువవలెనన్నచో అనువాదము కావలెను. అనువాదమును మార్పుగానే పరిగణింతురు. కావున "మార్పరాదు" అను షరతు పెట్టిన గ్రంథమును ఎవరైనను చదువవచ్చును, పంచవచ్చును గాని, అనువదించి ప్రకటించుటకు మరల అనుమతి కోరవలెను. పల్లెకు చేరవలెనని కోరు పండితుడు ఈ షరతును పెట్టకుండుటయే మేలు.

పేరు నిలుచునా యను శంక కొందరికి కలుగవచ్చును. దీనికి సమాధానము పొలములోనే కలదు. 1925లో స్థాపితమైన మారుటేరు వరి పరిశోధన స్థానమునుండి 1982లో స్వర్ణ అను వరి వంగడము విడుదలయ్యెను. దాని సంఖ్య ఎం.టి.యు. 7029. రైతు రైతునకు విత్తనమిచ్చెను; ఆ విత్తనము జిల్లాలు దాటెను, రాష్ట్రములు దాటెను, బంగ్లాదేశమునకును చేరెను. ఎవరెవరి పొలమున పండినను ఆ ఎం.టి.యు. అను మూడక్షరములు మారుటేరును తెలుపుచునే యున్నవి. పంచుటవలన పేరు పోలేదు. పంచుటవలననే పేరు వ్యాపించినది. ప్రజల ధనముతో పుట్టిన విత్తనము ప్రజలకు చేరినట్లే, ప్రజల ధనముతో పుట్టిన గ్రంథమును ప్రజలకు చేరుట ధర్మము.

అచ్చు వ్యయమును ఎవరు భరింతురను ప్రశ్న న్యాయమైనది. పాఠకుడు వెల ఈయనిచో, గ్రంథమును పరిశీలించువారికి, సరిచూచువారికి, కూర్చువారికి ప్రతిఫలము ఎచ్చటనుండి రావలెను? పాశ్చాత్యదేశములలో కొందరు ప్రకటనకర్తలు ఆ సొమ్మును గ్రంథకర్తనుండియే పుచ్చుకొనుచున్నారు. అది వేలకొలది పౌనులగుటయు కలదు. అమలాపురములోనో, నరసాపురములోనో పనిచేయు కళాశాల అధ్యాపకుడు అంత సొమ్ము తేలేడు. సొమ్ము పుచ్చుకొని, గ్రంథమును పరిశీలింపకయే ప్రకటించు మోసగాండ్రును బయలుదేరిరి. కావున ఆ మార్గము తెలుగు పండితులకు తగినది కాదు.

మరియొక మార్గము తెలుగువారికి చిరపరిచితమైనది: అందరు కలసి చందా వేసికొనుట. 2014లో "నాలెడ్జ్ అన్‌లాచ్డ్" అను ప్రయత్నమున 24 దేశములలోని 297 గ్రంథాలయములు తలకొంత సొమ్ము వేసికొని, 13 ప్రకటనసంస్థలకు చెందిన 28 పండిత గ్రంథములను లోకమునకు ఉచితముగ అందించినవి. సొమ్మిచ్చినవి ఆ 297 గ్రంథాలయములు, చదువుకొన్నవారు సర్వదేశస్థులు. గ్రామస్థులు చందాలు వేసికొని గ్రంథాలయమును నిలిపినట్లే, గ్రంథాలయములు చందాలు వేసికొని గ్రంథమును నిలిపినవి. అంతర్జాలమున ఉచితముగ నుంచి, అచ్చుప్రతిని మాత్రము వెలకు అమ్ము ప్రకటనకర్తలును కలరు. ఇట్టి గ్రంథముల పట్టికయొకటి 2012 నుండి నడచుచున్నది. అందు వేలకొలది గ్రంథములు చేరినవి.

భారత ప్రభుత్వము 2024 నవంబరులో "ఒకే దేశము, ఒకే చందా" అను పథకమును ఆమోదించెను. 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 మంది ప్రకటనకర్తల పరిశోధన పత్రికలు సుమారు 13,000 చదువుకొనుటకు 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు వీలు కల్పించు పథకమది. విద్యార్థులకు మేలైన కార్యమే. కాని అది చదువుటకు చెల్లించు కూలి. తలుపు గడియ తీయించు మార్గము కాదు. గ్రామ గ్రంథాలయములు ఆ పట్టికలో లేవు. గ్రంథములును అందు లేవు. చందా నిలిచిననాడు చదువును నిలుచును. బహిరంగ అనుమతితో వెలువడిన గ్రంథమునకు అట్టి గడువు లేదు.

పెద్దల మాట ఇట్లుండగా, ఒక గ్రామ గ్రంథాలయము చేయగలిగినదేమి? చాల కలదు.

మొదటి పని పట్టిక వ్రాయుట. గ్రామమునకును చుట్టుపట్ల గ్రామములకును చెందిన గ్రంథకర్తల పేర్లు, గ్రంథముల పేర్లు, కర్త గతించిన సంవత్సరము వ్రాసికొనవలెను. గతించి 60 ఏండ్లు దాటినవారి గ్రంథములకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నిర్భయముగ ప్రతులు తీసి లోకమునకు అందింపవచ్చును. తెలుగు వికీసోర్సు అను స్థలమున స్వచ్ఛంద సేవకులు ఇట్టి పాత గ్రంథములను అక్షరము అక్షరముగ సరిచూచి నిలుపుచున్నారు. గ్రామములోని చదువుకొన్న యువతీయువకులు సాయంకాలము ఒక గంట ఈ పనికి వెచ్చింపవచ్చును.

రెండవ పని అనుమతి కోరుట. విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయులు, అధ్యాపకులు గ్రామములలో కలరు. వారు స్వంత ఖర్చుతో అచ్చొత్తించిన గ్రంథములు ఇంటి అటకమీద మూటలుగ నుండుటయు కలదు. వారినో, వారి వారసులనో వినయముగ దర్శించి, ఈ పద్ధతిని వివరించి, సంతకముతో ఒక పత్రము వ్రాయించుకొనవలెను. కర్త తన హక్కును పూర్తిగ వదలుకొనుటకును చట్టము వీలు కల్పించుచున్నది. కాని అంతదూరము పోనక్కరలేదు. హక్కు తనయొద్ద నుంచుకొనియే అనుమతి ఈయవచ్చును. పుణ్యాత్ములు బ్రదికియున్న కాలముననే ఈ పని జరుగవలెను. నేడు ఒక సంతకముతో అగు పని, రేపు పదిమంది వారసులను వెదకినను కాకపోవచ్చును.

మూడవ పని భద్రపరచుట. తనయొద్ద అచ్చుప్రతి కలిగిన గ్రంథమును, వ్యాపారము చేయని ప్రజా గ్రంథాలయము రక్షణార్థము కంప్యూటరులో నిలువ చేసికొనవచ్చునని 2012 నాటి చట్టసవరణము చెప్పుచున్నది. అది పంచిపెట్టుటకు అనుమతి కాదు. చెదలనుండి, వరదనుండి కాపాడుకొనుటకు అనుమతి.

నాలుగవ పని పాఠకునకు త్రోవ చూపుట. పిహెచ్.డి. పట్టమునకై సమర్పించిన సిద్ధాంత వ్యాసములను ఎలక్ట్రానిక్ రూపమున ఈయవలెనని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2009లో నియమము చేసెను. అవి "శోధ్ గంగ" అను స్థలమున చేరుచున్నవి; తెలుగు సాహిత్యమును గూర్చినవియు అందు పెక్కు కలవు. చదువుటకు పైకము లేదు. ఈ సంగతి తెలియకపోవుటచేతనే చాలమంది చదువుట లేదు. గ్రంథాలయమున ఒక కంప్యూటరు, త్రోవ చూపు మనిషి ఒకరు నున్నచో, లంకగ్రామములోని విద్యార్థికి విశ్వవిద్యాలయపు బీరువా తెరచుకొన్నట్లే.

కడపటి పని అన్నింటికంటె సులభము. ఈ రజతోత్సవ సంచికలో గ్రామ చరిత్రను, కాలువల చరిత్రను, బడుల చరిత్రను పెద్దలు వ్రాయుదురు. అవి మరియొకచోట దొరకునవి కావు. రచయితలందరి సమ్మతిని పొంది, ముఖపత్రమునకు వెనుక "సర్వస్వామ్యసంకలితము" అను మాటకు మారుగ, "కర్త పేరు చెప్పి ఎవరైనను చదువవచ్చును, పంచవచ్చును, అనువదింపవచ్చును, మరల అచ్చొత్తవచ్చును" అని ఒక్క వాక్యము అచ్చొత్తించినచో చాలును. దానికి అదనపు వ్యయము ఒక్క పైసాయైనను లేదు.

ఇరువదియైదేండ్ల పిమ్మట స్వర్ణోత్సవము జరుపుకొను తరమువారు ఈ సంచికను వెదకుదురు. ప్రతులు కొన్ని చినిగియుండును, కొన్ని పోయియుండును. వ్రాసినవారిలో కొందరు గతించియుందురు. అప్పుడు వారు ఎవరి గుమ్మమెక్కి అనుమతి కోరవలెనో తెలియక నిలిచిపోవలెనా, లేక సంతోషముతో మరల అచ్చొత్తుకొనవలెనా యనునది నేటి గ్రంథాలయ సభ్యుల చేతిలో నున్నది. సంచిక అచ్చునకు పోకముందే ఆ వాక్యమును చేర్తురు గాక!